రేడియాలజీ రిపోర్ట్ ఒక పద్ధతిలో రాయడం ఎలా: థైరాయిడ్ స్కాన్ ఉదాహరణతో

ట్రైనింగ్‌లో ఉన్న పీజీల నుంచి, కొత్తగా ప్రాక్టీస్ మొదలుపెట్టిన జూనియర్ల నుంచి నాకు వారానికి ఒక్కసారైనా ఒకే రకం మెసేజ్ వస్తుంది. ఒక థైరాయిడ్ నాడ్యూల్ (గ్రంథిలో కనిపించే చిన్న గడ్డ) ఫొటో, దాని కింద ఒక ప్రశ్న: "మేడం, దీనికి టైరాడ్స్ ఎంత వేయాలి?" టైరాడ్స్ అంటే నాడ్యూల్ ఎంత అనుమానించదగ్గదో పాయింట్లతో చెప్పే స్కోరింగ్ పద్ధతి. ఒక్కోసారి థైరాయిడ్ బదులు రొమ్ములో గడ్డ ఉంటుంది, ఒక్కోసారి లివర్‌లో మచ్చ ఉంటుంది. అడిగేది మాత్రం అదే, ఎంత వేయాలని.

నా జవాబూ ఎప్పుడూ ఒకటే. "ఏం కనిపించిందో ముందు మాటల్లో రాసి పంపమ్మా, నంబర్ సంగతి తర్వాత చూద్దాం." అలా రాసి పంపినవాళ్లలో చాలామందికి ఇక నాతో పని పడదు. రాస్తుండగానే నంబర్ తేలిపోతుంది. తేలలేదంటే స్కాన్‌లో ఏదో సరిగా చూడలేదనో, ఆ కేసుకు ఆ స్కోరింగ్ పద్ధతి వర్తించదనో అర్థం.

రోజూ రిపోర్టులు రాసే రేడియాలజిస్టుల కోసం, రాయడం నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు ఎక్కువగా థైరాయిడ్ అల్ట్రాసౌండే తీసుకున్నాను. అందరూ చేసే స్కాన్ అది, తప్పులు ఎక్కువ జరిగేదీ అందులోనే. మిగతా స్కాన్లకు కూడా దారి ఇదే.

దగ్గర ఉండాల్సినవి

- రిఫర్ చేసిన డాక్టర్ రాసిన చీటీ. అందులో ప్రశ్న లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.
- పాత రిపోర్ట్, దానితో పాటు పాత ఇమేజెస్. పాత రిపోర్ట్ ఒక్కటే ఉంటే పని సగమే అవుతుంది.
- మీరు వాడబోయే స్కోరింగ్ పద్ధతి చార్ట్, దాని మీద ఎడిషన్ లేదా సంవత్సరం. ఎంత అనుభవం వచ్చినా చార్ట్ ఎదురుగా ఉండాలి. నేను ఇప్పటికీ గోడకు అంటించుకునే ఉన్నాను.
- టెంప్లేట్. డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఒక వర్డ్ ఫైల్ చాలు. సొంతంగా తయారు చేసుకునే తీరిక లేకపోతే ఆర్‌ఎస్‌ఎన్‌ఏ (ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం) నడిపే రాడ్‌రిపోర్ట్ సైట్‌లో నమూనాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.
- థైరాయిడ్, రొమ్ము, ప్రొస్టేట్ లాంటి వాటికి బొమ్మ గీసిన కాగితం. ఏ నాడ్యూల్ ఎక్కడ ఉందో దాని మీద గుర్తుపెట్టాలి.

1. ముందు ఈ పేషెంట్‌కు ఆ పద్ధతి వర్తిస్తుందో లేదో చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా స్కోర్‌కు వెళ్లేవాళ్లే ఎక్కువ. ప్రతి పద్ధతీ ఒక రకం పేషెంట్ల కోసం తయారైంది. వేరే పేషెంట్‌కు వాడితే నంబర్ వస్తుంది, కానీ దానికి అర్థం ఉండదు.

లివర్ సంగతి చూడండి. లివర్ మచ్చలకు వాడే లైరాడ్స్ పద్ధతి లివర్ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకే. అంటే సిరోసిస్ ఉన్నవాళ్లు, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్లు, ఇదివరకే ఆ క్యాన్సర్ వచ్చినవాళ్లు. 18 ఏళ్ల లోపు వాళ్లకు వాడకూడదు. రక్తనాళాల జబ్బు వల్ల వచ్చిన సిరోసిస్‌కూ వాడకూడదు. ఏ లివర్ జబ్బూ లేని పేషెంట్‌కు ఎల్ఆర్-5 అని రాస్తే, చదివిన డాక్టర్ బయాప్సీ లేకుండానే చికిత్స గురించి ఆలోచించే ప్రమాదం ఉంది. ఎందుకంటే ముప్పు ఉన్నవాళ్లలో ఎల్ఆర్-5 అంటే అది లివర్ క్యాన్సరేనన్నంత నమ్మకం.

ఊపిరితిత్తుల దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. లంగ్-రాడ్స్ అనే పద్ధతి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందేమోనని లక్షణాలు లేనివాళ్లకు ముందుగా చేసే స్క్రీనింగ్ సీటీ కోసం. వేరే కారణానికి తీసిన సీటీలో అనుకోకుండా నాడ్యూల్ కనిపిస్తే ఫ్లైష్నర్ సొసైటీ (ఛాతీ రేడియాలజీ నిపుణుల సంఘం) 2017 సూచనలు చూడాలి. అవి కూడా 35 ఏళ్లు, ఆ పైన ఉన్నవాళ్లకే. ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఆ సూచనలు పనికిరావు.

ఏ పద్ధతీ వర్తించకపోతే? ఏదో ఒక నంబర్ కోసం వెతకొద్దు. చూసింది మాటల్లో రాయండి, ఏం చేస్తే మంచిదో రాయండి. మంచి రిపోర్ట్‌కు నంబర్ తప్పనిసరి కాదు.

2. అస్థిపంజరం మార్చకండి

ఎవరికి రాసినా, ఎప్పుడు రాసినా శీర్షికలు అదే వరుసలో ఉండాలి: స్కాన్ పేరు, ఎందుకు చేశాం, ఎలా చేశాం, దేనితో పోల్చాం, ఏం కనిపించింది, ఇంప్రెషన్ (చివరి అభిప్రాయం). ఈ ఆలోచన కొత్తది కాదు. ఎక్స్‌రే రిపోర్టులన్నీ ఒక తీరులో ఉండాలని ప్రెస్టన్ హికీ అనే అమెరికన్ డాక్టర్ 1922లోనే రాశారు.

అవయవాల వరుసను కూడా ఒకసారి నిర్ణయించుకుని దానికే కట్టుబడండి. పొట్ట స్కాన్ అయితే లివర్, గాల్ బ్లాడర్, పాంక్రియాస్, స్ప్లీన్, కిడ్నీలు, ఇలా. చదివే సర్జన్ కళ్లు ఆ వరుసకు అలవాటు పడతాయి. మీ కళ్లూ పడతాయి, దేన్నో చూడటం మరిచిపోతే అక్కడే ఖాళీ కనిపిస్తుంది.

టెంప్లేట్ విషయంలో ఒక హెచ్చరిక. అన్నిచోట్లా ముందే "నార్మల్" అని నింపి పెట్టుకోవద్దు. పని త్వరగా అవుతుందని చాలామంది అలా చేస్తారు. గర్భసంచి తీసేసిన మహిళ రిపోర్ట్‌లో "గర్భసంచి సైజు నార్మల్" అని వచ్చేది అలాగే. దాని బదులు ప్రతి శీర్షిక ఎదురుగా మూడు చుక్కల గుర్తులు (***) పెట్టుకోండి. అవయవం చూశాకే గుర్తు తీసేసి రాయండి. చివర్లో రిపోర్ట్‌లో ఒక్క చుక్క గుర్తు మిగిలినా సంతకం పెట్టకూడదన్నది మీ నియమంగా పెట్టుకోండి.

3. ప్రశ్న, టెక్నిక్ రాయండి

రెండు మూడు లైన్లు చాలు. "మెడలో వాపు, 3 నెలలుగా" అని ఉంటే అదే రాయండి. సీటీ అయితే కాంట్రాస్ట్ ఇచ్చారా, ఏ ఫేజ్‌లు తీశారు అన్నది ఉండాలి. స్కాన్ సరిగా రాకపోతే, పేషెంట్ కదిలితే, గ్యాస్ అడ్డం వచ్చి పాంక్రియాస్ తోక కనిపించకపోతే అది కూడా ఇక్కడే రాయండి. కనిపించనిదాన్ని నార్మల్ అనకండి.

4. నిర్ణయించిన మాటల్లోనే వర్ణించండి

పని అంతా ఇక్కడే ఉంది. ప్రతి పద్ధతికీ ఒక పదాల జాబితా ఉంటుంది, ఆ పదాలనే వాడాలి. "కొంచెం అనుమానంగా ఉన్న అంచులు", "కాస్త డార్క్‌గా" లాంటి సొంత మాటలు రాస్తే అవతలి డాక్టర్ ఒక రకంగా, వచ్చే ఏడాది స్కాన్ చేసే రేడియాలజిస్ట్ ఇంకో రకంగా అర్థం చేసుకుంటారు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ (ఏసీఆర్) 2017లో ప్రచురించిన టైరాడ్స్‌లో ప్రతి నాడ్యూల్ గురించి ఐదు విషయాలు చూడాలి. ఒక్కోదానికి పాయింట్లు ఇలా:

- లోపల ఏముంది: పూర్తిగా నీరు లేదా స్పాంజిఫార్మ్ (స్పాంజిలా చిన్న నీటి గదులు) అయితే 0, నీరు గట్టి భాగం కలిసి ఉంటే 1, పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా గట్టిదైతే 2.
- ఎకో (ఇమేజ్‌లో ఎంత తెల్లగా, ఎంత నల్లగా ఉందో): ఎనెకోయిక్ (పూర్తిగా నలుపు) 0, హైపర్ (పక్కనున్న థైరాయిడ్ కంటే తెల్లగా) లేదా ఐసో (దానితో సమానంగా) 1, హైపో (దాని కంటే నల్లగా) 2, వెరీ హైపో 3.
- ఆకారం: వెడల్పు ఎక్కువైతే 0, ఎత్తు ఎక్కువైతే 3.
- అంచులు: నున్నగా ఉన్నా, అస్పష్టంగా ఉన్నా 0. లోబులేటెడ్ (గుండ్రంగా ఉబ్బులు తేలితే) లేదా ఇర్రెగ్యులర్ అయితే 2. థైరాయిడ్ దాటి బయటికి పాకితే 3.
- మెరిసే చుక్కలు: ఏమీ లేకపోతే లేదా పెద్ద కామెట్ టెయిల్ (చుక్క వెనక తోకలాంటి మెరుపు) ఉంటే 0, మాక్రోకాల్సిఫికేషన్ (పెద్ద కాల్షియం ముక్కలు) 1, అంచు చుట్టూ కాల్షియం 2, సన్న చుక్కలు 3.

మొదటి నాలుగింటిలో ఒక్కోదానికి ఒకే సమాధానం. చివరిదానిలో మాత్రం ఉన్నవన్నీ కలపాలి.

జనం పొరబడేవి ఇవి.

ఎత్తు, వెడల్పు. ఇది ట్రాన్స్‌వర్స్ వ్యూలోనే (మెడకు అడ్డంగా తీసిన ఇమేజ్‌లోనే) చూడాలి. ప్రోబ్‌ను నిలువుగా పెట్టిన ఇమేజ్‌లో చూసి "ఎత్తు ఎక్కువ" అని 3 పాయింట్లు వేసిన రిపోర్టులు ఎన్నో చూశాను. పాయింట్ల మొత్తాన్ని బట్టి టీఆర్1 నుంచి టీఆర్5 వరకు లెవెల్స్ ఉంటాయి, ఆ ఒక్క తప్పుతో టీఆర్3 నాడ్యూల్ టీఆర్4లోకి వెళ్లిపోతుంది.

హైపో, వెరీ హైపో తేడా. హైపో అన్నది పక్కనే ఉన్న థైరాయిడ్‌తో పోల్చి చెప్పే మాట. వెరీ హైపో అనాలంటే నాడ్యూల్ మెడ ముందున్న స్ట్రాప్ కండరాల కంటే కూడా నల్లగా ఉండాలి. గెయిన్ (ఇమేజ్ వెలుగు) తగ్గించి చూస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి, అందుకే నాడ్యూల్, థైరాయిడ్, కండరం మూడూ ఒకే ఫ్రేమ్‌లో ఉండేలా ఇమేజ్ తీసి దాచండి.

అస్పష్టమైన అంచు. దాన్నీ ఇర్రెగ్యులర్ అంచునూ ఒకటే అనుకుంటారు. అంచు ఎక్కడుందో కనబడకపోతే అస్పష్టం, 0. అంచు కనిపిస్తూ, మొనలు తేలి ఉంటే ఇర్రెగ్యులర్, 2.

స్పాంజిఫార్మ్. నాడ్యూల్‌లో సగం కంటే ఎక్కువ భాగం చిన్న చిన్న నీటి గదులతో నిండి ఉంటేనే ఆ మాట వాడాలి. ఒకసారి స్పాంజిఫార్మ్ అని నిర్ణయించాక మిగతా నాలుగు అంశాలకు పాయింట్లు వేయకూడదు. గదుల వెనక గోడలు మెరుస్తూ సన్న చుక్కల్లా కనిపిస్తాయి. వాటికి 3 వేసి పేషెంట్‌ను టెన్షన్ పెట్టొద్దు.

కాల్షియం నీడ వల్ల లోపల ఏమీ కనిపించకపోతే? గట్టిదని అనుకుని 2, ఎకోకు 1, అంచు కనిపించకపోతే 0. ఈ నియమం చార్ట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలామంది చదవరు.

5. కొలతలు: ఎక్కడ, ఏ దిశలో, ఏ యూనిట్‌లో

థైరాయిడ్ నాడ్యూల్‌కు మూడు కొలతలు కావాలి. ట్రాన్స్‌వర్స్ వ్యూలో అతి పొడవైనది, అదే ఇమేజ్‌లో దానికి అడ్డంగా ఒకటి, నిలువు వ్యూలో పైనుంచి కిందికి అతి పొడవైనది ఒకటి. చుట్టూ నల్లటి వలయం ఉంటే దాన్నీ కలిపి కొలవాలి.

సెంటీమీటరా మిల్లీమీటరా అన్నది ఒకటి ఎంచుకుని రిపోర్ట్ అంతా అదే వాడండి. "1.2 సెం.మీ." పై పేరాలో, "12 మి.మీ." ఇంప్రెషన్‌లో ఉంటే పర్వాలేదనిపిస్తుంది. కానీ తొందరలో ఎవరో దాన్ని 12 సెం.మీ. అని చదివే రోజు వస్తుంది.

కొలిచే తీరు పద్ధతిని బట్టి మారుతుంది. ఫ్లైష్నర్‌లో పొడవు, వెడల్పుల సగటు తీసి పూర్తి మిల్లీమీటర్‌కు సరిచేయాలి. లంగ్-రాడ్స్‌లోనూ సగటే, కానీ ఒక దశాంశం వరకు రాయాలి. క్యాన్సర్ చికిత్స ఫలితం చూసే రెసిస్ట్ 1.1లో గడ్డకు పొడవైన వ్యాసం కొలుస్తారు, లింఫ్ నోడ్‌కు మాత్రం పొట్టి వ్యాసం. చార్ట్ ఎదురుగా పెట్టుకోమన్నది ఇందుకే.

సీటీ, ఎంఆర్ఐ అయితే కొలిచిన సిరీస్ నంబర్, ఇమేజ్ నంబర్ కూడా రిపోర్ట్‌లో రాయండి. మీకు పది సెకన్ల పని. తర్వాత చూసేవాళ్లకు పది నిమిషాల వెతుకులాట తప్పుతుంది.

6. ప్రతి నాడ్యూల్‌కు ఒక పేరు, ఒక చిరునామా

నా తప్పు ఒకటి చెబుతాను. ప్రాక్టీస్ మొదటి రోజుల్లో ఒక పేషెంట్ థైరాయిడ్ రిపోర్ట్‌లో "రెండు లోబ్‌లలోనూ పలు నాడ్యూల్స్, అన్నిటికంటే పెద్దది 1.8 సెం.మీ." అని రాశాను. ఏడాది తర్వాత ఆమె వేరే చోట స్కాన్ చేయించుకుంది. అక్కడ "అన్నిటికంటే పెద్దది 2.3 సెం.మీ." అని వచ్చింది. సర్జన్ నాకు ఫోన్ చేసి అడిగారు, "డాక్టర్‌గారూ, అదే నాడ్యూల్ పెరిగిందా, ఇది వేరేదా?" నేను చెప్పలేకపోయాను. దాచిన ఇమేజెస్ రెండే, వాటి మీద ఏ లోబ్ (థైరాయిడ్ కుడి భాగమా, ఎడమ భాగమా) అన్న గుర్తు కూడా లేదు. చివరికి ఆమెకు రెండు నాడ్యూల్స్‌లోనూ సూది పెట్టాల్సి వచ్చింది. రెండూ మామూలువే అని తేలింది. ఆమె పడిన నొప్పికి, రిజల్ట్ వచ్చేదాకా పడిన భయానికి కారణం నేను రాయని ఒక్క లైను.

అప్పటి నుంచి నా రిపోర్ట్‌లో "అన్నిటికంటే పెద్దది" అనే మాట లేదు. ప్రతి నాడ్యూల్‌కు ఒక నంబర్ ఇవ్వండి. ఏ లోబ్, పై భాగమా మధ్యా కిందా అన్నది రాయండి. ఇమేజ్ మీద కూడా అదే గుర్తు వేయండి. వచ్చే ఏడాది కొత్తది కనిపించినా పాత నంబర్లు మార్చకండి. అన్నిటినీ వర్ణించాల్సిన పని లేదు, ఎక్కువ పాయింట్లు వచ్చిన నాలుగింటిని వర్ణిస్తే చాలని టైరాడ్సే చెబుతోంది. గుర్తుంచుకోండి, ఎక్కువ పాయింట్లు వచ్చినవి. ఎక్కువ సైజు ఉన్నవి అనలేదు.

7. పాత స్కాన్‌తో పోల్చండి

పాత తేదీ రాయండి. పాత రిపోర్ట్‌లో ఉన్న అంకెను నమ్మకుండా వీలైతే పాత ఇమేజ్‌లో మీరే మళ్లీ కొలవండి. అంతకుముందు కొన్ని స్కాన్లు ఉంటే వాటిలో పాతదానితో కూడా పోల్చండి. ఏడాదికి 1 మి.మీ. చొప్పున పెరిగేది పక్క పక్క స్కాన్లలో "మార్పు లేదు" అనే వస్తుంది. ఐదేళ్ల కిందటి దానితో పోలిస్తేనే బయటపడుతుంది.

"కొంచెం పెరిగింది" అనకండి. టైరాడ్స్‌లో పెరిగిందని చెప్పాలంటే కనీసం రెండు దిశల్లో 20 శాతం, అదీ కనీసం 2 మి.మీ. పెరగాలి. లేదా ఘనపరిమాణం 50 శాతం, అంతకు మించి పెరగాలి. ఘనపరిమాణానికి మూడు కొలతలను గుణించి 0.52తో మళ్లీ గుణిస్తే చాలు. 1.2 × 1.0 × 0.9 సెం.మీ. నాడ్యూల్ 1.5 × 1.2 × 1.0 అయితే పెరిగినట్టే. 1.3 × 1.0 × 0.9 అయితే అది చేతి తేడా, ప్రోబ్ కాస్త వంచినా వచ్చేది.

పోల్చడానికి ఏమీ దొరకకపోతే "పాత స్కాన్లు అందుబాటులో లేవు" అని ఒక లైను. ఆ శీర్షికను ఖాళీగా వదలకండి.

8. ఇప్పుడు స్కోర్ వేయండి

ఇక్కడికి వచ్చేసరికి ఇది కూడికే. 0 అయితే టీఆర్1, 2 అయితే టీఆర్2, 3 అయితే టీఆర్3, 4 నుంచి 6 వరకు టీఆర్4, 7 ఆపైన టీఆర్5.

సూది పరీక్ష ఎప్పుడన్నది లెవెల్, సైజు రెండూ కలిసి నిర్ణయిస్తాయి. టీఆర్3 అయితే 2.5 సెం.మీ. నుంచి ఎఫ్‌ఎన్‌ఏ (సన్న సూదితో కణాలు తీసి చేసే పరీక్ష), 1.5 నుంచి ఫాలో-అప్. టీఆర్4 అయితే 1.5 నుంచి ఎఫ్‌ఎన్‌ఏ, 1.0 నుంచి ఫాలో-అప్. టీఆర్5 అయితే 1.0 నుంచి ఎఫ్‌ఎన్‌ఏ, 0.5 నుంచి ఫాలో-అప్. టీఆర్1, టీఆర్2లకు ఏమీ అక్కర్లేదు. ఫాలో-అప్ వ్యవధి కూడా చార్ట్‌లోనే ఉంది: టీఆర్3కు 1, 3, 5 ఏళ్లకు, టీఆర్4కు 1, 2, 3, 5 ఏళ్లకు, టీఆర్5కు ఐదేళ్ల పాటు ఏటా.

ఒక పేషెంట్‌ను ఊహించుకోండి. రెండు నాడ్యూల్స్.

నాడ్యూల్ 1, కుడి లోబ్ మధ్య భాగం, 1.7 × 1.3 × 1.1 సెం.మీ. గట్టిది 2, హైపో 2, వెడల్పు ఎక్కువ 0, నున్నటి అంచు 0, మాక్రోకాల్సిఫికేషన్ 1. మొత్తం 5, టీఆర్4. సైజు 1.5 దాటింది, కాబట్టి ఎఫ్‌ఎన్‌ఏ.

నాడ్యూల్ 2, ఎడమ లోబ్ కింది భాగం, 2.2 × 1.6 × 1.3 సెం.మీ. స్పాంజిఫార్మ్. మొత్తం 0, టీఆర్1. ఏమీ అక్కర్లేదు.

పెద్దదాన్ని వదిలేసి చిన్నదానికి సూది పెట్టమంటున్నాం. "అన్నిటికంటే పెద్దది" అని రాసే రిపోర్ట్ వల్ల ఈ పేషెంట్‌కు ఎంత నష్టమో చూడండి. సూది వెళ్లి ఎడమవైపు గుచ్చుకునేది, చూడాల్సింది కుడివైపు మిగిలిపోయేది.

రొమ్ము దగ్గర తప్పులు వేరే రకం. రొమ్ము స్కాన్లకు వాడే బైరాడ్స్ పద్ధతిలో 3 అంటే "నాకు తేలలేదు" అని కాదు. పరీక్షలన్నీ పూర్తయ్యాక, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని నమ్మకం కుదిరితే వేసేది. దానికి మామూలుగా 6 నెలలకు మళ్లీ చూడమంటారు. ఇంకా వ్యూలు తీయాలి, అల్ట్రాసౌండ్ చేయాలి అనిపిస్తే అది కేటగిరీ 0. స్క్రీనింగ్ మామోగ్రామ్ ఒక్కటి చూసి నేరుగా 3 వేయకండి. 4 వేసేటప్పుడు ఎ, బి, సి కూడా రాస్తే మంచిది. 4ఎ అంటే 2 నుంచి 10 శాతం లోపు అవకాశం, 4సి అంటే 50 నుంచి 95 శాతం మధ్య. రెండింటినీ ఉత్త "4" అంటే బయాప్సీలో మామూలుదని వచ్చినప్పుడు దాన్ని నమ్మాలా, మళ్లీ తీయాలా అని సర్జన్ తేల్చుకోలేరు.

9. ఇంప్రెషన్ రాయండి

చాలామంది డాక్టర్లు ముందు ఇదే చదువుతారు, తీరిక లేనప్పుడు ఇదొక్కటే చదువుతారు. అడిగిన ప్రశ్నకు జవాబు మొదటి లైన్లో ఉండాలి. తర్వాత ముఖ్యమైనవి వరుసగా. పైన రాసినదంతా మళ్లీ ఎక్కించొద్దు.

ఇలా రాయకండి: "రెండు లోబ్‌లలో పలు నాడ్యూల్స్, పెద్దది 2.2 సెం.మీ. టైరాడ్స్ 4. క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది."

ఇలా రాయండి: "1. కుడి లోబ్ మధ్య భాగంలో 1.7 సెం.మీ. నాడ్యూల్, ఏసీఆర్ టైరాడ్స్ 2017 ప్రకారం టీఆర్4, 5 పాయింట్లు. ఎఫ్‌ఎన్‌ఏ సూచిస్తున్నాం. 2. ఎడమ లోబ్ కింది భాగంలో 2.2 సెం.మీ. స్పాంజిఫార్మ్ నాడ్యూల్, టీఆర్1. ఫాలో-అప్ అవసరం లేదు. 3. మెడలో అనుమానించదగ్గ లింఫ్ నోడ్స్ లేవు."

పద్ధతి పేరు పూర్తిగా రాయడం మరవకండి. యూరప్‌లో, కొరియాలో వేరే టైరాడ్స్‌లు ఉన్నాయి. ఉత్త "టైరాడ్స్ 4" అంటే ఏ పద్ధతి ప్రకారమో చదివేవాళ్లకు తెలియదు.

"క్లినికల్ కోరిలేషన్" (స్కాన్‌ను పేషెంట్ లక్షణాలతో, పరీక్షలతో పోల్చి చూడటం) మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దేనితో కోరిలేట్ చేయాలో చెప్పగలిగితే అదే రాయండి: "జ్వరం, తెల్ల కణాల కౌంట్ చూసి ఇన్ఫెక్షన్ అవునో కాదో తేల్చుకోండి." చెప్పలేకపోతే ఆ మాట తీసేయండి.

అనుమానం ఉన్నప్పుడు ఏ మాటతో ఎంత అనుమానం చెబుతున్నారో మీ డిపార్ట్‌మెంట్‌లో అందరూ కలిసి ఒప్పందం చేసుకోవాలి. "అవకాశం ఉంది", "అనుమానం", "దాదాపు ఖాయం", ఈ మూడు చాలు. ఒకే లైన్లో రెండు అనుమానపు మాటలు కలిపితే అసలేం చెప్పినట్టు కాదు.

10. ఆగలేనివి ఫోన్‌లో చెప్పండి

టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తిని నొక్కేయడం), మెదడులో రక్తస్రావం, అయోర్టా డిసెక్షన్ (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం గోడ చీలడం), ఊపిరితిత్తుల రక్తనాళంలో రక్తపు గడ్డ, వృషణం మెలిక పడటం. ఇలాంటివి కనిపిస్తే రిపోర్ట్ టైప్ అయ్యేదాకా ఆగకూడదు. ముందు ఫోన్. తర్వాత రిపోర్ట్‌లో ఎవరికి చెప్పారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నది రాయండి. విన్నవాళ్లతో ఒకసారి తిరిగి చెప్పించుకోండి. ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలో మీ దగ్గర ముందే రాసి ఉండాలి.

అత్యవసరం కాకపోయినా మరుగున పడకూడనివి కొన్ని ఉంటాయి. కిడ్నీ రాయి కోసం తీసిన సీటీలో ఊపిరితిత్తి అంచున నాడ్యూల్ కనిపించిందనుకోండి. రాయి హడావుడిలో దాన్ని అందరూ మరిచిపోతారు. ఇంప్రెషన్‌లో దానికి విడి నంబర్ ఇచ్చి, ఎన్ని నెలలకు ఏ స్కాన్ చేయాలో రాయండి.

11. సంతకానికి ముందు చూసుకోండి

రిపోర్ట్‌ను ఒకసారి పైనుంచి కిందికి కాకుండా, ఇంప్రెషన్ నుంచి పైకి చదవండి. ఇంప్రెషన్‌లో ఉన్న ప్రతి మాటకూ పైన ఆధారం ఉందా? పైన రాసిన అనుమానపు విషయం ఏదైనా ఇంప్రెషన్‌లో జారిపోయిందా? ఆ తర్వాత ఇవి:

- కుడి, ఎడమ. చీటీలో, ఇమేజ్‌లో, పై పేరాలో, ఇంప్రెషన్‌లో నాలుగు చోట్లా ఒకటేనా?
- పేషెంట్ వయసు, లింగం, స్కాన్ పేరు సరిపోయాయా?
- దశాంశ చుక్క. 1.7 కాస్తా 17 అయిందా?
- "లేదు" అనే మాట. వాయిస్ డిక్టేషన్‌లో అన్నిటికంటే ఎక్కువగా ఎగిరిపోయేది ఇదే. "రక్తస్రావం లేదు" కాస్తా "రక్తస్రావం" అయిపోతుంది.
- స్కోర్, సూచన రెండూ పొసుగుతున్నాయా? టీఆర్4, 1.2 సెం.మీ. అని రాసి ఎఫ్‌ఎన్‌ఏ అంటే పొసగదు. పేషెంట్‌ను బట్టి కావాలనే అలా రాస్తే కారణం కూడా రాయండి.

ఇంకో పరీక్ష ఉంది, నెలకోసారి చేస్తే చాలు. మీ పాత రిపోర్టులు పది తీసుకుని నంబర్, ఇంప్రెషన్ భాగం మూసేయండి. వర్ణన మాత్రం తోటి రేడియాలజిస్ట్‌కు ఇచ్చి స్కోర్ వేయమనండి. వాళ్ల నంబర్, మీ నంబర్ కలిస్తే మీ వర్ణన సరిపోయినట్టు. తేడా వచ్చిన చోట ఇద్దరూ కూర్చుని ఇమేజెస్ తెరిచి చూడండి. మా దగ్గర ఎక్కువ తేడాలు అంచుల దగ్గర, సన్న చుక్కల దగ్గర వస్తాయి. మీ దగ్గర వేరే చోట రావచ్చు. ఎక్కడ వస్తే అక్కడ నేర్చుకోవాల్సింది ఉంది.

12. పంపేశాక తప్పు కనిపిస్తే

పాత రిపోర్ట్‌ను చెరిపి కొత్తది పెట్టకండి. దాన్ని చదివి ఎవరో ఇప్పటికే ఒక నిర్ణయం తీసుకుని ఉండొచ్చు. అదే రిపోర్ట్ కింద అడెండమ్ (తర్వాత చేర్చే సవరణ) చేర్చండి: తేదీ, సమయం, ముందు ఏం రాశారు, ఇప్పుడు ఏం మారింది, ఎందుకు మారింది. చికిత్స మారే తప్పు అయితే అడెండమ్ రాసి ఊరుకోవద్దు, రిఫర్ చేసిన డాక్టర్‌కు అప్పుడే ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేసిన సమయం కూడా అడెండమ్‌లో రాయండి.